ఉల్లిపొట్టు నీళ్లలో నా ఉద్యోగం

నా కుర్చీలో ఇప్పుడు కూర్చుంటున్న అమ్మాయి మొన్న ఫోన్ చేసి, "మేడం, సిలబస్ యాడ పెట్టినారు?" అని అడిగింది. బీరువాలో కింది అరలో, పాత దుప్పటి కింద ఉందని చెప్పాను. ఫోన్ పెట్టేశాక నాకే నవ్వొచ్చింది. ఆ సిలబస్‌ని నేను ఒక్కసారి కూడా చివరిదాకా చదవలేదు. అందులో రాసి ఉన్నది ఒకటి, ఇన్నేళ్లూ నేను చేసింది ఇంకొకటి. ఆ రెండోది ఏ బీరువాలోనూ లేదు కాబట్టి ఇలా కాగితం మీద పెడుతున్నాను.

నేను మొన్నటిదాకా ఆడవాళ్ల శిక్షణ కేంద్రంలో ఇన్‌స్ట్రక్టర్‌ని. మదనపల్లెలో చేరాను, పుంగనూరులో కొన్నేళ్లు ఉన్నాను, కుప్పంలో రిటైర్ అయ్యాను. నేర్పింది ఒకటే పని. వంటింట్లో ఉన్నవాటితో, వంటింటి పొయ్యి మీదే బట్టలకు రంగు వేసుకోవడం. ఉల్లిపొట్టు, దానిమ్మ తొక్క, వాడేసిన టీ పొడి, పసుపు, కరక్కాయ, పటిక. ఇంతే సామాను. మా బంధువుల్లో చాలామందికి నా ఉద్యోగం ఏమిటో చివరిదాకా అర్థం కాలేదు. "ఉల్లిగడ్డలు ఒలిచే ఉద్యోగం" అని మా వదిన పెళ్లిళ్లలో నన్ను పరిచయం చేసేది. మొదట్లో కోపం వచ్చేది గానీ, తర్వాత తర్వాత ఆమె చెప్పింది పెద్ద తప్పేమీ కాదనిపించింది.

ముందు ఉతుకు

సుశీలమ్మ గారు నా మొదటి పై అధికారి. మనిషి పొట్టి, గొంతు మాత్రం వీధి చివరిదాకా పోయేది. నేను చేరిన రోజు ఆమె తెల్ల గుడ్డ తాను ఒకటి తెచ్చి నా ముందు పడేసి, "ఉతుకు" అంది. రంగుల పని నేర్పుతారని చీర కుచ్చిళ్లు సర్దుకుని వచ్చినదాన్ని. నెల రోజులు ఉతికించింది. చాకలి సోడా వేసి ఉడకబెట్టడం, జాడించడం, ఆరేయడం, మళ్లీ ఉడకబెట్టడం. అవమానం చేస్తోందనుకుని ఇంటికెళ్లి ఏడ్చాను కూడా.

ఒకరోజు తెగించి అడిగేశాను. ఆమె అంగడి నుంచి వచ్చిన కొత్త గుడ్డ మీద ఒక నీటి చుక్క వేసింది. చుక్క గుండ్రంగా అట్లాగే నిలబడింది.

"సూడు. దీని కడుపు నిండా గంజి ఉండాది. ఇంక రంగు యాడ తాగుతాది?" అంది. తర్వాత నేను ఉతికిన గుడ్డ మీద ఇంకో చుక్క వేసింది. అది పడీ పడగానే ఇంకిపోయింది. అప్పటిదాకా మనసులో తిట్టుకున్న తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను.

నా తర్వాత ఈ పని నేర్పే మీరు కూడా పిల్లలకు మొదట ఆ చుక్క చూపించండి. ఇప్పుడు వచ్చేవాళ్లు ఫోన్‌లో వీడియోలు చూసి వస్తున్నారు. అందులో బీట్‌రూట్ నీళ్లలో గుడ్డ ముంచితే గులాబీ రంగు ధగధగలాడుతుంది. ఆ గుడ్డను రెండోసారి ఉతికిన వీడియో మాత్రం ఎవరూ పెట్టరు. బీట్‌రూట్ కూరకు పనికొస్తుంది, గుడ్డకు పనికిరాదు. ఈ మాట చెప్పినందుకు నన్ను పాతకాలం మనిషి అన్నవాళ్లు ఉన్నారు. అననీ.

సుశీలమ్మ గారి రెండో నియమం, రంగు వేసిన గుడ్డను కుంకుడుకాయ రసంలో తప్ప దేంట్లోనూ ఉతకకూడదని. దాన్ని కూడా నేను నమ్మకంగా పాటించాను. ఆ నియమం వల్ల ఎంత తలనొప్పి వచ్చిందో కుప్పం సంగతిలో చెబుతాను.

టమాటా రంగు

మదనపల్లెలో ఉన్నప్పుడు మాకు ఒక పెద్దసారు ఉండేవాడు. మంచివాడే, కానీ రాత్రి పడుకుని పొద్దున లేచేలోపల ఆయనకు ఏదో ఒక ఆలోచన వచ్చేది. మార్కెట్‌లో టమాటా ఎవరికీ వద్దయి, రైతులు రోడ్డు పక్కన పారబోస్తున్న రోజులవి. సారు పొద్దున్నే వచ్చి, "మదనపల్లెలో ఉండి మనం టమాటా రంగు వెయ్యకపోతే ఎట్లమ్మా? ఊరంతా ఎర్రగా పడుండాది గదా" అన్నాడు.

టమాటా ఎరుపు గుడ్డకు పట్టదని నాకు తెలుసు. చెప్పాలి. చెప్పలేదు. కొత్త ఉద్యోగం, పైగా ఆయన ముఖంలో అంత సంతోషం చూసి నోరు పెగల్లేదు. రెండు ట్రేల టమాటా పెద్ద డేక్సాలో వేసి ఉడకబెట్టాం. మా కేంద్రం పక్కనే మగ్గం ఇల్లు ఒకటి ఉండేది. అందులో పట్టుచీరలు నేసే కృష్ణప్ప గోడ మీదుగా తొంగి చూశాడు.

"ఏమ్మా, ఈపొద్దు మీ ఆఫీసులో పెండ్లా? రసం వాసన మా మగ్గం దాకా వస్తాండాది."

"రంగు అప్పా, రంగు!" అన్నాను.

"ఓహో. అన్నం యాడ వండుతాండారు మరి?" అన్నాడు.

మధ్యాహ్నానికి సారు ఇద్దరు అతిథులను వెంటబెట్టుకుని వచ్చాడు. గుడ్డలు ఉతికి తీగ మీద వేసి ఉన్నాయి. ఒక్కదానికీ రంగు లేదు, అక్కడక్కడ గింజలు మాత్రం అంటుకుని ఉన్నాయి. అతిథుల్లో ఒకాయన చాలా మర్యాదగా, "ఈ షేడ్‌ను ఏమంటారు?" అని అడిగాడు. సారు నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

సుశీలమ్మ గారే ముందుకు వచ్చి, "దీన్ని తెలుపంటారు సార్" అంది.

అతిథులు పొట్ట పట్టుకుని నవ్వారు. సారు కూడా నవ్వక తప్పలేదు. వాళ్లు వెళ్లిపోయాక సుశీలమ్మ గారు మాత్రం నన్ను వదల్లేదు. "పొద్దున చెప్పుంటే సారు ఒక్కడే మనసు చిన్నబుచ్చుకునేవాడు. ఇప్పుడు నలుగురి ముందర నగుబాటైంది. తెలిసినమాట చెప్పడానికి నీకు జీతమిస్తాండేది" అంది. ఆమె అన్నది నూటికి నూరు పాళ్లు నిజం. అప్పటి నుంచి నేను నోరు మూసుకోవడం మానేశాను. కొంచెం ఎక్కువగానే మానేశానని ఆ తర్వాత తెలిసింది.

ఇనుప బాణలి

పుంగనూరులో నా దగ్గరికి సోమల నుంచి నాగరత్న అని ఒక అమ్మాయి వచ్చేది. నిదానస్తురాలు, ఏది చెప్పినా తల ఊపేది. దానిమ్మ తొక్కతో ముదురు పసుపు రంగు ఎలా వస్తుందో చూపించి, ఇంట్లో చేసుకుని రమ్మన్నాను. మర్నాడు ఆమె తెచ్చిన చున్నీ కాకి రెక్క రంగులో ఉంది.

క్లాసు మొత్తం ముందు చడామడా తిట్టాను. చెప్పింది వినవా, తూకం చూసుకోవా, గుడ్డ పాడు చేస్తావా అని. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుని, "అట్లే చేసినా మేడం, మీరు చెప్పినట్లే చేసినా" అంటుంది. నాకు ఇంకా ఒళ్లు మండింది. చివరకు వెనక వరసలో కూర్చున్న ఒక ముసలావిడ, "ఏ గిన్నెలో ఉడకబెట్నావే?" అని అడిగింది.

"మా ఇంట్లో బొరుగులు వేయించే బాణలిలో."

ఇనుప బాణలి. దానిమ్మ తొక్కకు ఇనుము తగిలితే నలుపు తిరుగుతుంది. ఆ సంగతి నాకు తెలుసు, ఆ అమ్మాయికి తెలియదు. గిన్నె గురించి నేను చెప్పనే లేదు. తప్పంతా నాదే. దానికి తోడు, ఆ నలుపు చూడటానికి ఎంత బాగుందంటే, వారం తిరక్కుండా క్లాసులో ఆరుగురు ఇళ్ల నుంచి బాణలులు మోసుకొచ్చారు. నేను నాగరత్నను పక్కన నిలబెట్టుకుని ఆమె చేతే పాఠం చెప్పించాను. క్షమించమని మాత్రం నోటితో అడగలేదు. అప్పట్లో టీచర్లు అడిగేవాళ్లు కాదు. అడిగి ఉండాల్సింది.

ఆ రోజు నుంచి ఏదైనా చెడిపోతే ముందు గిన్నె గురించి అడగడం, తర్వాత నీళ్ల గురించి అడగడం, ఆ తర్వాతే మనిషిని అడగడం అలవాటు చేసుకున్నాను. మంచి అలవాటే. అయినా అది నన్ను కుప్పంలో కాపాడలేదు.

బిడ్డల గుడ్డల మీద ఎర్ర మచ్చ

కుప్పంలో నా చివరి బ్యాచ్‌లో రెడ్డెమ్మ ఉండేది. ముప్పై దాటని మనిషి. అంతకుముందు బట్టల కంపెనీలో రెండేళ్లు పనిచేసింది. తెల్లవారకముందే కంపెనీ బస్సు ఊరి మలుపు దగ్గరకు వచ్చేది, చీకటి పడ్డాక దింపేది. బిడ్డ నిద్ర లేచేటప్పటికి తను ఉండదు, తను వచ్చేటప్పటికి బిడ్డ నిద్రపోయి ఉంటుంది. "ఆదివారం వస్తే మా పాప నన్ను సూసి సిగ్గుపడతాంది మేడం, సుట్టాన్ని సూసినట్ల" అని ఒకసారి చెప్పింది. ఆ మాట నాకు గుచ్చుకుంది. అందుకే ఆ పని మానేసి మా దగ్గరకు వచ్చింది.

ఆమె అత్త చెంగమ్మకు ఇది నచ్చలేదు. కంపెనీ అంటే నెల నెలా జీతం. ఉల్లిపొట్టు అంటే ఏముంది? "గంగ జాతర దాకా సూస్తా. ఆ లోపల ఈ పనిలో నిలదొక్కుకుంటే సరి. లేదంటే జాతర అయిన సోమవారం మళ్లీ బస్సెక్కల్ల" అని చెంగమ్మ గడువు పెట్టింది. రెడ్డెమ్మ ఒప్పుకుంది.

నిలదొక్కుకునే దారి దొరికింది కూడా. బెంగళూరులో శ్యామల గారని పసిపిల్లల బట్టల అంగడి నడిపే కన్నడం ఆవిడ ఉంది. మందు రంగులు లేని మెత్తటి చుట్టు గుడ్డలు కావాలని మా కేంద్రానికి వచ్చింది. రెడ్డెమ్మ ఉల్లిపొట్టు రంగు చూడగానే ఆమె కళ్లు మెరిశాయి. తేనె కలిపిన పాల రంగులో, అంచు నుంచి అంచు దాకా ఒకే తీరుగా పట్టి ఉంది. ముప్పై గుడ్డలు కావాలంది. రెడ్డెమ్మ వేసిచ్చింది. నేను ఒక్కొక్కటీ కుంకుడు రసంలో ఉతికి, వెలుతురులో పట్టి చూసి మరీ రైలుకు పంపాను. ఆమె అంతటితో ఆగకుండా ఇంకో బ్యాచ్‌కు గుడ్డలు సిద్ధం చేసుకోవడం కూడా మొదలుపెట్టింది.

జాతర పది రోజులుందనగా శ్యామల గారు ఫోన్ చేసింది.

"మేడం, మీ బట్టకి రక్తం వస్తా ఉంది!"

"ఏం వస్తా ఉంది?"

"ఉతికితే మూలలో ఎర్ర మచ్చ వస్తాది. ఆరినాక పోతాది. మళ్లా ఉతికితే మళ్లా వస్తాది. ముగ్గురు తల్లులు చెప్పినారు. ఒక తల్లి అయితే బిడ్డకి ఏమయ్యిందో అని ఆస్పత్రికి పోయింది. ఇది సరి అయ్యేదాకా నాకు ఇంకేమీ పంపొద్దు."

ఇన్నేళ్లలో నల్లబడిన గుడ్డలు చూశాను, వెలిసిపోయిన గుడ్డలు చూశాను, రసం వాసన కొట్టిన గుడ్డలు చూశాను. కనపడి మాయమయ్యే మచ్చను ఎన్నడూ చూడలేదు. రెడ్డెమ్మకు చెబితే ఆమె అక్కడే కూలబడిపోయింది. వాళ్ల వీధిలో అయితే అప్పుడే కారణం కనిపెట్టేశారు. జాతర ముందర ఇంట్లో డేక్సాలకు డేక్సాలు ఉల్లిపొట్టు ఉడకబెట్టినందుకు గంగమ్మకు కోపమొచ్చిందట.

పసుపు గిన్నె

మర్నాడు పొద్దున్నే బయలుదేరి రెడ్డెమ్మ ఇంటికి వెళ్లాను. దారిలో అంగడిలో బట్టల సబ్బు ఒకటి కొన్నాను. బెంగళూరు తల్లులు కుంకుడుకాయలు కొట్టుకుంటూ కూర్చోరు కదా అన్న తెలివి నాకు ఆ రోజు వచ్చింది. అమ్మబోయే గుడ్డను కొనేవాళ్లు దేంతో ఉతుకుతారో దాంతోనే ఉతికి చూడాలి. సుశీలమ్మ గారి మీద నాకు ఎంత గౌరవం ఉన్నా ఈ ఒక్క నియమం మాత్రం మీరు మార్చేయండి.

గిన్నె చూశాను, సత్తు డేక్సా, తప్పులేదు. నీళ్లు చూశాను, బోరు నీళ్లు కావు, ప్లాంటు నుంచి క్యానులో తెచ్చుకున్న నీళ్లు. పటిక నాకి చూశాను, పటికే. ఇంక మిగిలింది మొదటి నుంచి చివరిదాకా నా కళ్లముందు ఒకసారి చేయించి చూడటమే. రెండో బ్యాచ్ గుడ్డలు ఉతికి, ఆరేసి, మడతపెట్టి దేవుడి పటం కింద పలక మీద పెట్టి ఉన్నాయి. అందులోంచి నాలుగు నేనే తీసి ఇచ్చాను.

ఒక్కో గుడ్డ మూలన చిన్న పసుపు బొట్టు ఉంది. చూశాను. చూశానని ఇప్పుడు చెబుతున్నాను గానీ, ఆ రోజు నా కళ్లు దాన్ని పట్టించుకోనే లేదు. కొత్త బట్ట అన్నాక మూలన పసుపు ఉంటుంది. ఉండకపోతేనే మన కళ్లకు ఏదో లోటుగా కనిపిస్తుంది. ఆ ఉదయమే మడత విప్పి కట్టుకున్న నా చీర మూలన కూడా ఉంది, నేనే పెట్టుకున్నాను.

రెడ్డెమ్మ అన్నీ పద్ధతి ప్రకారం చేసింది. పటిక నీళ్లు, ఉల్లిపొట్టు కషాయం, నీడలో ఆరడం. తేనె రంగు వచ్చింది. పసుపు బొట్టు ఆ రంగులో కలిసిపోయి కనపడకుండా పోయింది. మధ్యాహ్నం నేను సబ్బు తీసుకుని ఒక గుడ్డను బకెట్‌లో రుద్దాను. నురుగు మధ్యలో, మూలన, బొటనవేలంత ఎర్ర మచ్చ లేచింది.

రెడ్డెమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం భయం బదులు కోపం వచ్చింది. అన్నీ సరిగ్గా చేస్తే మచ్చ ఎక్కడిది? ఈ గుడ్డలను ఇంకెవరు ముట్టుకుంటారని అడిగాను.

"నేనూ, మా అత్తా. అంతే మేడం."

చెంగమ్మ గడప దగ్గర చింతపండులో గింజలు తీస్తూ కూర్చుని ఉంది. గడువు పెట్టిన మనిషి. ఈ పని నిలవడం ఇష్టం లేని మనిషి. నాకు లెక్క సరిపోయినట్టే అనిపించింది. ఇందాక చెప్పానుగా, నోరు మూసుకోవడం ఎప్పుడో మానేశానని.

"చెంగమ్మా, నీ కోడలు మళ్లీ బస్సెక్కాలని నువ్వే ఈ గుడ్డల్లో ఏమన్నా కలిపినావా?" అనేశాను.

నా ఉద్యోగ జీవితంలో నేను అన్న మాటలన్నిటిలోకీ నీచమైన మాట అదే. చెంగమ్మ నన్ను చూసింది. తర్వాత కోడలిని చూసింది. కోడలు తల వంచుకుంది. అంటే ఆ అనుమానం ఆమెకూ ఉందన్నమాట. ముసలావిడ లేచి లోపలికి వెళ్లి, ఒక చిన్న స్టీలు గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. అందులో తడిపిన పసుపు ఉంది.

"కలిపింది ఇదేనమ్మా" అంది. "పసిబిడ్డల గుడ్డలు గదా. పసుపు పెట్టకుండా ఇంట్లో నుంచి ఎట్ల పంపేది? యా ఇంటి బిడ్డో ఏమో, సల్లగా ఉండల్లని ఒక్కోదానికీ బొట్టు పెట్టి, గంగమ్మకు మొక్కి పలక మీద పెడతాండా. ముప్పైకీ పెట్టినా. ఇది పెట్టకూడదా?"

చెంగమ్మ వంగి బకెట్‌లోకి చూసింది. నురుగును వేలితో పక్కకు తోసి చూసింది.

"అయ్యో, ఇది ఎర్రనీళ్ల ఎరుపే గదమ్మా" అంది.

బిడ్డకు దిష్టి తీయడానికి పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్లు చేస్తారు. మన ఇళ్లలో అది తెలియని ఆడది లేదు. సబ్బు కూడా పసుపుకు సున్నం చేసిన పనే చేస్తుంది. ఆరితే ఆ ఎరుపు మళ్లీ పసుపులోకి వెళ్లిపోతుంది. కుంకుడుకాయకు ఆ గుణం లేదు, అందుకే నా పరీక్షల్లో ఎప్పుడూ బయటపడలేదు. ఇదంతా నా సిలబస్‌లో మూడో పాఠం. ప్రతి బ్యాచ్‌కూ పసుపు గుడ్డ మీద సబ్బు రుద్ది, ఎర్రబడటం చూపించి, చప్పట్లు కొట్టించుకున్నదాన్ని నేను. బోర్డు మీద రాసిన పసుపు నాకు రంగు, గుడ్డ మూలన పెట్టిన పసుపు నాకు శుభం. ఆ రెండూ ఒకటేనని నాకు తట్టనే లేదు. రంగు పని ఎరగని ముసలావిడ ఒక్క చూపులో పట్టేసింది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఈసారి మాత్రం నోటితోనే అడిగాను. "నన్ను క్షమించు చెంగమ్మా. అనకూడని మాట అన్నాను" అన్నాను.

"మాటకేముందిలేమ్మా, గాలికి పోతాది. మచ్చ పోయేది సూడు" అంది ఆమె.

రెడ్డెమ్మ ఏడుస్తూ వెళ్లి అత్త పక్కన కూర్చుంది. ఇంతలో ఏమైందో ఏమో, బకెట్‌లోని గుడ్డను చూసి ఆమెకు నవ్వు పుట్టింది. ఆమెను చూసి నాకు పుట్టింది. చెంగమ్మ మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసి, "దీంట్లో నవ్వేది ఏముండాది?" అని తనూ మొదలుపెట్టింది. పొద్దుటి నుంచి మేం ముగ్గురం పడిన బెంగంతా ఆ నవ్వులో పోయింది.

సోమవారం

మచ్చ పోయే దారి ఉంది. పసుపు ఎండకు ఆగదు, ఉల్లిపొట్టు దానికంటే గట్టిది. మూలను చింతపండు నీళ్లలో ముంచి, ఆ మూల ఒక్కటీ ఎండకు తగిలేలా మిగతాది కప్పి, నాలుగు రోజులు మిద్దె మీద ఉంచితే పసుపు దానంతటదే వెలిసిపోతుంది. మేం ఉంచిన నాలుగు గుడ్డలూ సబ్బుకు తట్టుకున్నాయి.

శ్యామల గారికి ఏం చెప్పాలన్న దగ్గర మాకు మాట తేడా వచ్చింది. "నీళ్లలో ఏదో దోషముందని చెబుదాం. అత్త పసుపు పెట్టిందంటే పద్ధతి లేనివాళ్లనుకుంటారు" అని నేను సలహా ఇచ్చాను.

"నీళ్ల మీద యాల తొయ్యల్ల మేడం? జరిగింది జరిగినట్ల సెప్తా" అని రెడ్డెమ్మ ఫోన్ తీసుకుంది. అత్త బొట్టు పెట్టిందని, ఎందుకు పెట్టిందని, ఏం చేస్తే పోతుందని మొత్తం చెప్పింది. శ్యామల గారు అన్నీ విని, తల్లులకు చెప్పి చూస్తానని, తర్వాత కబురు చేస్తానని పెట్టేసింది. ఆ గొంతును బట్టి ఏమీ తేల్చుకోలేకపోయాం.

జాతర వచ్చింది, అయిపోయింది. కబురు రాలేదు. ఆదివారం రెడ్డెమ్మ నాకు ఫోన్ చేసి, కంపెనీలో మళ్లీ పేరు ఇచ్చేశానని, పొద్దున బస్సు ఎక్కుతున్నానని చెప్పింది. "మాట ఇచ్చినా గదా మేడం" అంది. ఆ పూట అన్నం సహించలేదు. అంత మంచి చేయి మళ్లీ బస్సెక్కుతోంది, ఇంట్లో పాప మళ్లీ సుట్టాన్ని చూసినట్టు చూస్తుంది. ఈ లోపల బెంగళూరు కబురు వచ్చి ఉంటే అనుకుంటూ కూర్చున్నాను.

సోమవారం నేను కాఫీ తాగుతుంటే మళ్లీ ఆమె ఫోన్. బస్సులో నుంచి చేస్తోందనుకున్నాను. వెనకాల కోడి కూస్తోంది.

"మేడం, నేను ఇంట్లోనే ఉండాను" అంది. గొంతులో ఏడుపో నవ్వో తెలియడం లేదు. "క్యారియర్ కట్టుకుని మలుపు కాడికి పోయినా. బస్సు వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టినా. వెనక నుంచి మా అత్త పరుగెత్తుకుంటా వచ్చి నా చెయ్యి పట్టి దించేసింది మేడం. ఆ సూపర్‌వైజరుతో, 'దీని పేరు కొట్టేయప్పా. తప్పు సేసింది నేను. నేను తప్పు సేసి దాన్ని బస్సెక్కిస్తే ఏం బాగుంటాది? దానికి ఇంట్లో పనుండాది, నువ్వు పో' అని సెప్పేసింది. గడువు అయిపాయ గదత్తా అంటే, గడువు పెట్టింది నేనే, తీసేసేది నేనే అంటాంది."

పక్క నుంచి చెంగమ్మ గొంతు వినపడింది. పొయ్యి మీద పొట్టు మరుగుతోందట, కబుర్లు చాలించి రమ్మంటోంది.

శ్యామల గారి కబురు గురువారం వచ్చింది. ఇద్దరు తల్లులు గుడ్డలు తిరిగి ఇచ్చేశారని, మిగతావాళ్లు ఎండలో పెట్టుకున్నారని, ఇంకో ఇరవై పంపమని. సంతోషమే. కానీ చెంగమ్మ బస్సును వెనక్కి పంపింది సోమవారం.